సొంతంగా కట్టుకున్న విమానంలో రేడియో స్విచ్‌లు, వైరింగ్, గ్రౌండింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

గరాజ్‌లో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లలో చాలామంది రెక్కలకు రివెట్లు కొట్టేదాకా హుషారుగానే ఉంటారు. ప్యానెల్ వెనక వైర్ల పని మొదలవగానే టెన్షన్ పడతారు. అందులోనూ ఎక్కువ ప్రశ్నలు రేడియో గురించే వస్తాయి. ఏ స్విచ్ ఎటువైపు పెట్టాలి, ఏ తీగ ఎక్కడ గ్రౌండ్ చెయ్యాలి, హెడ్‌సెట్‌లో ఆ ఈల ఎందుకు వస్తోంది?

ఈ జవాబులన్నిటికీ ఒకే తరహా విమానాన్ని దృష్టిలో పెట్టుకున్నాను. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ కింద కట్టే వ్యాన్స్ ఆర్‌వీ-7 లాంటి రెండు సీట్ల అల్యూమినియం విమానం. లైకమింగ్ ఇంజిన్, రెండు మ్యాగ్నెటోలు (బ్యాటరీతో పని లేకుండా స్పార్కు పుట్టించేవి), ఒక బ్యాటరీ, ఒక ఆల్టర్నేటర్, 14 వోల్టుల వ్యవస్థ, ఒక వీహెచ్‌ఎఫ్ రేడియో, ఇద్దరూ హెడ్‌సెట్లలో మాట్లాడుకోవడానికి ఇంటర్‌కమ్. ఫైబర్‌గ్లాస్ విమానాల సంగతి విడిగా చెప్పాను. మీ రేడియోతో వచ్చిన ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో వేరేగా ఉంటే మాన్యువల్ చెప్పినట్టే చెయ్యండి.

గాల్లో ఎగిరేదానికి గ్రౌండ్ ఎక్కడుంటుంది?

బ్యాటరీ నెగటివ్ దగ్గర. ఇంట్లో లాగా భూమిలోకి దిగే ఎర్త్ ఇక్కడ లేదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయల్దేరిన కరెంటు స్విచ్ దాటి, రేడియో దాటి, తిరిగి నెగటివ్‌కి చేరాలి. ఆ తిరుగు దారినే గ్రౌండ్ అంటున్నాం. వెళ్లే దారికి ఎంత శ్రద్ధగా తీగ ఎంచుకుంటారో, తిరిగొచ్చే దారికీ అంత శ్రద్ధ పెట్టాలి. రేడియోలో వినపడే రొదలో ఎక్కువ భాగం ఈ రెండో దారిని పట్టించుకోకపోవడం వల్లే వస్తుంది.

విమానం ఒళ్లంతా అల్యూమినియమే కదా, దగ్గర్లో ఉన్న ఏదో ఒక స్క్రూకి గ్రౌండ్ కలిపేస్తే సరిపోదా?

దీపానికైతే సరిపోతుంది. రేడియోకి సరిపోదు.

అల్యూమినియం మంచి వాహకమే. అతుకులతోనే చిక్కు. ప్రైమర్, రంగు, లోహం మీద పేరుకునే ఆక్సైడ్ పొర వల్ల ప్రతి అతుకు దగ్గరా కొన్ని మిల్లీఓముల నిరోధం మిగిలిపోతుంది. ఒక అతుకు 5 మిల్లీఓములు అనుకోండి. ఆల్టర్నేటర్ ఇచ్చే 30 ఆంపియర్లు ఆ అతుకు మీదుగానే తిరిగొస్తుంటే దాని రెండు పక్కల మధ్య 150 మిల్లీవోల్టుల తేడా పుడుతుంది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది నున్నటి డీసీ కాదు. ఏసీని డయోడ్లతో మార్చిన డీసీ కాబట్టి దాని మీద అలలు ఉంటాయి. ఆ 150లో పదో వంతు అల అనుకున్నా 15 మిల్లీవోల్టులు.

ల్యాండింగ్ లైటుకి అది లెక్కలోకి రాదు. మైకు నుంచి వచ్చే మాట మాత్రం పదుల నుంచి వందల మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది. మైకు జాక్ గ్రౌండు ఆ అతుకుకి ఒక పక్కన, ఇంటర్‌కమ్ గ్రౌండు రెండో పక్కన ఉన్నాయంటే, ఆ అల మీ మాటతో కలిసి లోపలికి వెళ్తుంది. ఏది మాట, ఏది రొద అన్నది ఇంటర్‌కమ్‌కి తెలియదు. రెండింటినీ పెద్దవి చేసి చెవిలో పోస్తుంది. ఇంజిన్ వేగం పెంచితే ఈల పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఆడియోతో సంబంధమున్న పరికరాలన్నిటినీ ఒకే చోట గ్రౌండ్ చేస్తే ఆ తేడా వోల్టేజీకి లోపలికి దారి ఉండదు.

అంటే ప్రతి దానికీ నెగటివ్ తీగ వేరుగా లాగాలా?

అక్కర్లేదు. అల్యూమినియం విమానంలో రెక్క చివరి దీపాలు, ల్యాండింగ్ లైటు, పీటో హీటర్ (గాలి వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా వేడిచేసేది) వంటివి అక్కడికక్కడే బాడీకి గ్రౌండ్ చేసుకోవచ్చు. అవి చిన్న వోల్టేజీ తేడాను పట్టించుకోవు. రేడియో, ఇంటర్‌కమ్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పెట్టె), మైకు, హెడ్‌ఫోన్ జాక్‌లు, ప్యానెల్‌లోని డిజిటల్ డిస్‌ప్లేలు, ఇంజిన్ కొలతల పెట్టెలు మాత్రం తమ తమ గ్రౌండ్ తీగలతో ఒకే చోటికి రావాలి. ఇక్కడ 3, 4 మీటర్ల తీగ ఎక్కువైనా బరువు గ్రాముల్లోనే పెరుగుతుంది. తర్వాత రొద కోసం వెతుక్కునే వారాంతాలతో పోలిస్తే అది చాలా చవక.

ఆ ఒకే చోటు ఎక్కడ పెట్టాలి?

ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ మీద. ఫైర్‌వాల్‌ని చీల్చుకుంటూ ఒక ఇత్తడి బోల్టు వేసి, కాక్‌పిట్ వైపు పావు అంగుళం ట్యాబులున్న ఇత్తడి పలకను దానికి బిగిస్తారు. చాలామంది బిల్డర్లు వాడే ఏర్పాటు ఇదే. ప్రతి పరికరం గ్రౌండ్ తీగ వచ్చి తన ట్యాబుకి ఎక్కుతుంది. బ్యాటరీ నెగటివ్ కేబులు అదే బోల్టుకి వస్తుంది. ఇంజిన్ వైపు నుంచి అల్లిన రాగి పట్టీ ఒకటి క్రాంక్‌కేస్ నుంచి అదే బోల్టుకి చేరుతుంది.

ఈ ఇంజిన్ పట్టీని తేలిగ్గా తీసుకోకండి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. పట్టీ లేకపోతే, లేదా వదులైతే, స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు థ్రాటిల్ కేబులు, మిక్స్చర్ కేబులు మీదుగా తిరిగొస్తాయి. ఆ కేబుళ్లు కాలిపోయి బిగుసుకుపోగలవు. ఇది రేడియో రొద కన్నా చాలా పెద్ద ప్రమాదం.

రేడియోలు ఎక్కువైతే ప్యానెల్ వెనక ఇంకో చిన్న గ్రౌండ్ పలక పెట్టి, అక్కడి నుంచి లావాటి తీగ ఒక్కటే ఫైర్‌వాల్‌కి తీసుకెళ్లండి. ఆ పలకను ప్యానెల్ లోహానికి కలపకండి.

లోహానికి గ్రౌండ్ బిగించేచోట రంగు, ప్రైమర్ గీకి మెరిసే లోహం బయటపడాలి. తగరం పూతున్న టెర్మినల్ పెట్టి, పళ్ల వాషరు వేసి, బిగించాక పైన పూత వెయ్యండి. పూతలేని రాగి, అల్యూమినియం తేమలో ఒకదానికొకటి తాకితే తుప్పు తప్పదు. ఇవాళ బాగున్న గ్రౌండు రెండు వానాకాలాల తర్వాత రొద చెయ్యడానికి తరచుగా అదే కారణం.

రేడియో పవర్ స్విచ్ పాజిటివ్ వైపు పెట్టాలా, గ్రౌండ్ వైపు పెట్టాలా?

పాజిటివ్ వైపే. ఇందులో రెండో మాట లేదు.

గ్రౌండ్ తీగను స్విచ్‌తో తెంపినా రేడియో ఆగుతుందనిపిస్తుంది, కానీ ఆగదు. రేడియో పెట్టె ట్రేతో ప్యానెల్‌కి బిగించి ఉంటుంది. యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబులు షీల్డు (తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) అవతలి చివర విమానం చర్మానికి, అంటే బయటి రేకుకి తగులుతుంది. ఆడియో గ్రౌండు ఇంటర్‌కమ్‌కి వెళ్తుంది. అసలు దారి మూసేస్తే కరెంటు ఈ దొడ్డి దారుల్లో దేన్నో పట్టుకుంటుంది. సన్నటి షీల్డు తీగల్లో పారకూడని కరెంటు పారుతుంది. పైగా స్విచ్ ఆఫ్‌లో ఉన్నా రేడియో లోపల 14 వోల్టులు నిలిచే ఉంటాయి.

వరుస ఇలా ఉండాలి: బస్ (అన్ని పరికరాలకీ కరెంటు పంచే పట్టీ), ఫ్యూజు లేదా బ్రేకరు, స్విచ్, రేడియో, ఆపైన ఎక్కడా తెగని గ్రౌండు. ఫ్యూజు బస్‌కి వీలైనంత దగ్గరగా, స్విచ్‌కి ముందు రావాలి. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. స్విచ్ తర్వాత పెడితే బస్ నుంచి స్విచ్ దాకా తీగకి రక్షణ ఉండదు.

రేడియో నాబ్‌కే ఆన్, ఆఫ్ ఉంటే వేరే స్విచ్ అసలు కావాలా అని కూడా అడుగుతారు. ఒకే రేడియో ఉంటే అక్కర్లేదు. స్విచ్ తగ్గితే చెడిపోయే వస్తువు ఒకటి తగ్గినట్టే.

ఎంత లావు తీగ, ఎంత ఫ్యూజు, ఎలాంటి స్విచ్?

మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియో వినేటప్పుడు అర ఆంపియరు చుట్టుపక్కల, మాట్లాడేటప్పుడు 2, 3 ఆంపియర్లు లాగుతుంది. 22 గేజి తీగ మీటరుకి సుమారు 53 మిల్లీఓములు. బస్ నుంచి రేడియోకి 2 మీటర్లు, తిరిగి గ్రౌండుకి 2 మీటర్లు అనుకుంటే 3 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టుకి పైగా తీగలోనే పోతుంది. 20 గేజికి మారితే (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు) మీటరుకి సుమారు 33 మిల్లీఓములు, నష్టం 0.4కి దిగుతుంది. రేడియోకి పవర్, గ్రౌండు రెండూ 20 గేజి వెయ్యమని నా సలహా. సన్నం తీగ వేసినా రేడియో పనిచేస్తుంది. కానీ ఆల్టర్నేటర్ చచ్చిపోయి బ్యాటరీ మీద ఎగురుతూ టవర్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ప్రతి పదో వంతు వోల్టూ అవసరమవుతుంది.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ జారీ చేసిన ఏసీ 43.13-1బీ అనే సలహా పత్రం పదకొండో అధ్యాయంలోని పట్టిక 22 గేజికి 5 ఆంపియర్ల బ్రేకరు, 20 గేజికి 7.5 ఆంపియర్ల బ్రేకరు చెబుతుంది. రేడియో మాన్యువల్ 5 అంటే 5 పెట్టండి. మాటిమాటికీ పోతోందని ఫ్యూజు పెంచడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి.

తీగ విమానాలకి వాడే టెఫ్‌జెల్ తొడుగుదే కొనండి. దాని మీద 22759/16 అని ఉంటుంది, 150 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. కారు సామాన్ల షాపులో దొరికే పీవీసీ తీగ కాలితే విషపు పొగ వస్తుంది. మూసి ఉన్న కాక్‌పిట్‌లో ఆ పొగకి కిటికీ తీసే అవకాశం కూడా ఉండకపోవచ్చు.

స్విచ్ మీద 125 వోల్టుల ఏసీ రేటింగ్ ఉంటే కంగారు పడనక్కర్లేదు. 14 వోల్టుల దగ్గర రేడియో లాగే కరెంటుకి 15 ఆంపియర్ల టాగుల్ స్విచ్ చాలా ఎక్కువ. పైన చెప్పిన ఎఫ్ఏఏ పత్రంలోనే 12 వోల్టులకి స్విచ్ తగ్గింపు లెక్కలున్నాయి, అంటే స్విచ్ మీద రాసిన ఆంపియర్లను ఎంతతో భాగించాలో: తంతువు దీపాలకి 5, మోటార్లకి, రిలే కాయిళ్లకి 2. స్విచ్ చూసి ఎంచుకోవాల్సింది ల్యాండింగ్ లైటుకీ, పంపుకీ.

సోల్డరింగా, క్రింపింగా?

క్రింపింగ్, అంటే టెర్మినల్‌ని తీగ మీద నొక్కి బిగించడం. సోల్డరు తీగ పోగుల్లోకి పాకి కొంతమేర గట్టిపడుతుంది. గట్టి భాగం అయిపోయే చోట తీగ అదురుకి విరుగుతుంది. స్విచ్ టెర్మినళ్లకి లోహాన్నీ, తొడుగునూ రెండింటినీ పట్టుకునే రకం వాడండి. ఎర్రవి 22 నుంచి 16 గేజికి, నీలివి 16, 14కి, పసుపువి 12, 10కి. మంచి రాచెట్ క్రింపర్ కొనండి. ప్రతి క్రింపునీ చేత్తో గట్టిగా లాగి చూడండి.

ఏవియానిక్స్ మాస్టర్ స్విచ్ ఉండాలా?

రేడియోలు, డిస్‌ప్లేలు లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటినీ (ఏవియానిక్స్) ఒకేసారి ఆపే స్విచ్ ఇది. బిల్డర్లు ఏళ్ల తరబడి వాదించుకునే విషయం.

ట్రాన్సిస్టర్ రేడియోలు కొత్తగా వచ్చిన 1960ల నాటి అలవాటు నుంచి ఇది పుట్టింది. అప్పటి పరికరాలు వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి తట్టుకునేవి కావు. స్టార్టర్ తిప్పే ముందు రేడియోలు ఆపాలి, తిరిగాక వెయ్యాలి అని పైలట్లకు నేర్పేవారు. అన్నిటికీ కలిపి ఒక స్విచ్ ఉంటే పని తేలిక. తర్వాత 1975లో విమాన పరికరాల పరీక్షలకి ఆర్‌టీసీఏ అనే సంస్థ డీఓ-160 ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం పరీక్షించిన పరికరం పవర్ తీగ మీద వచ్చే స్పైకులు, పతనాలు తట్టుకున్నట్టు నిరూపించుకోవాలి. కాబట్టి స్పైకుల భయంతో ఈ స్విచ్ పెట్టాల్సిన అవసరం చాలావరకు పోయింది.

రెండో కారణం మాత్రం నిలిచే ఉంది. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10 వోల్టుల కిందికి పడిపోవచ్చు. డిజిటల్ డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది. పరికరం చెడదు, విసుగు మాత్రం వస్తుంది.

స్విచ్ పెట్టడంలో అసలు నష్టం వేరే. ఆ ఒక్క స్విచ్ చెడితే రేడియోలన్నీ ఒకేసారి పోతాయి. పెట్టదలిస్తే ఏవియానిక్స్ బస్‌కి రెండో దారి కూడా పెట్టండి. బ్యాటరీ దగ్గరి బస్ నుంచి ఫ్యూజు, వేరే స్విచ్ దాటి నేరుగా వచ్చే తీగ అది. మామూలు దారిలో ఒక లావాటి డయోడ్ పెడితే రెండో దారి కరెంటు వెనక్కి ప్రధాన బస్‌లోకి పారదు. ఆల్టర్నేటర్ పోయినప్పుడు విమానం మొత్తానికి కరెంటు ఇచ్చే ప్రధాన మాస్టర్ స్విచ్ ఆపేసి, ఈ రెండో స్విచ్‌తో రేడియో, ముఖ్యమైన డిస్‌ప్లే మాత్రమే నడుపుకుంటూ దిగొచ్చు. నా ఉద్దేశంలో ఈ రెండో దారి లేకుండా ఏవియానిక్స్ మాస్టర్ పెట్టడం కన్నా, అసలు పెట్టకపోవడమే మేలు.

స్టార్టర్ కాంటాక్టర్‌కి డయోడ్ పెట్టమంటున్నారు. రేడియో కోసమా?

ముఖ్యంగా స్విచ్ కోసం. కాంటాక్టర్ అంటే స్టార్టర్ లాంటి పెద్ద లోడుకి కరెంటు కలిపే పెద్ద రిలే. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెంపగానే అందులో దాచుకున్న శక్తి స్విచ్ మొనల మధ్య మెరుపై వెళ్తుంది. అదే పనిగా మెరిస్తే మొనలు కాలిపోతాయి, రేడియోలో టప్‌మనే శబ్దమూ వస్తుంది. 1ఎన్4005 డయోడ్ ఒకటి కాయిల్‌కి అడ్డంగా, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు వచ్చేలా పెట్టండి. తిరగేసి పెడితే స్విచ్ వెయ్యగానే షార్టే.

పీటీటీ స్విచ్ ఎలా కలపాలి?

పీటీటీ అంటే నొక్కి మాట్లాడే మీట. అది చేసే పని ఒక్కటే: రేడియో నుంచి వచ్చిన పీటీటీ తీగను గ్రౌండుకి తాకించడం. తాకినంతసేపు రేడియో ప్రసారం చేస్తుంది. ఆ తీగలో పారేది కొన్ని మిల్లీఆంపియర్లే కాబట్టి పెద్ద స్విచ్ అక్కర్లేదు. ఇంత చిన్న కరెంటుకి బంగారు పూత మొనలున్న స్విచ్ వెండి మొనల దానికన్నా ఎక్కువ కాలం నమ్మకంగా పనిచేస్తుంది.

హెడ్‌సెట్‌కి రెండు ప్లగ్గులుంటాయి. సన్నది, పీజే-068, మైకుది. దాని కొన పీటీటీ, మధ్య రింగు మైకు ఆడియో, మొదలు గ్రౌండు. లావుది, పావు అంగుళంది, చెవులది. దాని కొన ఆడియో, మొదలు గ్రౌండు. మైకు రింగునీ కొననీ తారుమారు చేస్తే నొక్కకుండానే ప్రసారం మొదలు కావచ్చు, లేదా నొక్కినా మాట వెళ్లకపోవచ్చు. మొదటిసారి పవర్ ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో ఒక్కో తీగా చూసుకోండి.

పీటీటీ గ్రౌండు ఇంటర్‌కమ్‌లోని మైకు గ్రౌండుకే తిరిగి రావాలి. విమానాన్ని నడిపే స్టిక్ గొట్టానికి కలిపినా పనిచేస్తుంది. కానీ స్టిక్ బేరింగు, బెల్‌క్రాంకు మీదుగా పోయే ఆ గ్రౌండు కదిలినప్పుడల్లా మారుతుంటుంది. రెండు తీగలు మెలిపెట్టి ఇంటర్‌కమ్ దాకా తీసుకెళ్లడానికి అరగంట కూడా పట్టదు.

స్టిక్ గ్రిప్‌లో పీటీటీతో పాటు ట్రిమ్ బటన్లూ ఉన్నాయి. అన్నిటికీ ఒకే గ్రౌండ్ తీగ వాడొచ్చా?

గ్రిప్ తయారీదారులు కొందరు అలాగే ఇస్తారు. ట్రిమ్ బటన్లు (స్టిక్ మీద బరువు తగ్గించే చిన్న మోటారుని నడిపేవి) రిలేలను మాత్రమే తాకిస్తుంటే పెద్ద ఇబ్బంది రాదు. ట్రిమ్ మోటారు కరెంటు నేరుగా ఆ తీగలోనే పారుతుంటే మాత్రం ట్రిమ్ నొక్కినప్పుడల్లా హెడ్‌సెట్‌లో గుర్రుమంటుంది. పీటీటీకి వేరే జత లాగండి.

స్టిక్ లోపల తీగలు ప్రతి కదలికకీ వంగుతాయి. సన్నటి పోగులు ఎక్కువున్న తీగ వాడి, కింద ఒక వదులు చుట్ట వదిలి, చుట్టకి రెండు వైపులా కట్టండి. స్టిక్‌ని నాలుగు మూలలకీ తిప్పి చూశాకే సీటు బిగించండి. తొడుగు చిరిగి తీగ లోహానికి తగిలితే పీటీటీ నొక్కినట్టే అయిపోతుంది. మీకు తెలియకుండానే రేడియో ప్రసారం చేస్తూ ఆ ఫ్రీక్వెన్సీ మీద అందరి మాటా ఆపేస్తుంది. కొన్ని కొత్త రేడియోలు అర నిమిషం దాటితే తమంతట తామే ఆగుతాయి, పాతవి ఆగవు. ప్రసారం గుర్తు ఎక్కడ వెలుగుతుందో చూసుకుని, దానివైపు ఒక కన్నేసి ఉంచండి.

జాక్‌లకి ఆ ప్లాస్టిక్ వాషర్లు నిజంగా అవసరమా?

అవసరం. మైకు, హెడ్‌ఫోన్ జాక్‌ల బయటి పొర గ్రౌండు. దాన్ని నేరుగా ప్యానెల్ లోహానికి బిగిస్తే పైన చెప్పిన గ్రౌండ్ లూప్ అక్కడే పుడుతుంది. భుజమున్న వాషరు ఒకటి, చదునుది ఒకటి వేసి, జాక్‌ని లోహం నుంచి విడదీసి, గ్రౌండుని తీగతో ఇంటర్‌కమ్‌కి పంపండి. బిగించాక ప్లగ్గు తీసేసి, తీగ కలపక ముందు, జాక్ బయటి పొరకీ ప్యానెల్‌కీ మధ్య మీటరు పెట్టండి. కనెక్షన్ చూపించకూడదు. కొత్త విమానాల్లో ఈల కోసం వెతికేటప్పుడు నేను మొదట చూడమనేది వీటినే.

షీల్డు తీగకి షీల్డుని రెండు వైపులా గ్రౌండ్ చేస్తే ఇంకా మంచిది కదా?

ఆడియో తీగలకి కాదు. ఒక వైపే, అదీ ఇంటర్‌కమ్ లేదా రేడియో వైపు. రెండో కొస దగ్గర షీల్డుని కత్తిరించి, శ్రింక్ గొట్టం తొడిగి వదిలెయ్యండి. రెండు వైపులా కలిపితే షీల్డే కరెంటు పారే దారి అవుతుంది. కొన్ని మాన్యువల్‌లు జాక్ గ్రౌండుగా షీల్డునే వాడమంటాయి. అప్పుడు కూడా జాక్ లోహానికి తగలకూడదు.

యాంటెన్నా కోయాక్స్ సంగతి వేరు. దాని షీల్డు రెండు వైపులా కనెక్టర్ ద్వారా కలవాల్సిందే. యాంటెన్నా అడుగు విమానం చర్మానికి గట్టిగా తగలాలి, ఎందుకంటే ఆ చర్మమే యాంటెన్నాలో రెండో సగం. అక్కడ ఆడియో గ్రౌండు ఏదీ లేదు కాబట్టి లూప్ భయం పెట్టుకోకండి. ఆర్‌జీ-58 కన్నా రెండు పొరల షీల్డున్న ఆర్‌జీ-400 వాడండి.

మ్యాగ్నెటో స్విచ్ తీగకీ రేడియోకీ ఏమిటి సంబంధం?

మ్యాగ్నెటోని ఆపే పీ-లీడ్ కూడా గ్రౌండుకి తాకించి పనిచేసేదే: తాకితే మ్యాగ్నెటో ఆగుతుంది, తెగితే నడుస్తుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ ఆ తీగలో స్పార్కు పల్సులు ఉంటాయి. విమాన రేడియోలు ఏఎం పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి ఈ టిక్‌టిక్‌లు చక్కగా వినపడతాయి.

షీల్డు తీగ వేసి, షీల్డుని మ్యాగ్నెటో ఒంటికి కలపండి. స్విచ్ వైపు అదే షీల్డుని స్విచ్ గ్రౌండ్ టెర్మినల్‌కి ఎక్కించండి, విమానం బాడీకి మాత్రం కలపకండి. అప్పుడు పల్సు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది.

ఒక హెచ్చరిక. పీ-లీడ్ తెగితే స్విచ్ ఆఫ్ అని చూపిస్తున్నా మ్యాగ్నెటో సిద్ధంగానే ఉంటుంది. ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ తన్నొచ్చు. ఈ తీగల మీద పనిచేసేటప్పుడు ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ నిలబడకూడదు.

రెండు రేడియోలున్నాయి, ఆడియో ప్యానెల్ కొనడం లేదు. ఒక స్విచ్‌తో మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. రెండు పోళ్లు, రెండు దిశలున్న టాగుల్ స్విచ్ తీసుకోండి. ఒక పోల్ మైకు ఆడియోని, రెండో పోల్ పీటీటీని అటో ఇటో పంపుతుంది. పీటీటీ ఒక్కటే మారిస్తే మైకు రెండు రేడియోలకీ కలిసి ఉంటుంది, ఒకదాని మైకు వోల్టేజీ రెండోదానిలోకి పోతుంది. చెవుల ఆడియోని రెండు రేడియోల నుంచి నేరుగా ముడి వెయ్యకండి, ఒకదాని యాంప్లిఫయరు రెండోదానికి భారమవుతుంది. ఒక్కో దానికీ వరుసలో ఒక రెసిస్టరు పెట్టి కలపండి. గ్రౌండులు ఈ స్విచ్ దాకా రానక్కర్లేదు, ఎప్పుడూ కలిసే ఉంటాయి.

ఫైబర్‌గ్లాస్ విమానంలో గ్రౌండు ఎలా?

1979లో మొదట ఎగిరిన రుటాన్ లాంగ్-ఈజీ తరహా విమానాల్లో చర్మం కరెంటును మోయదు. ప్రతి దీపానికీ రెండు తీగలు వెళ్లాలి. అందువల్ల అనుకోకుండా గ్రౌండ్ లూప్ ఏర్పడే అవకాశం తక్కువ, ఇది వాటికో వరం. చిక్కల్లా దూరంతోనే. ఇంజిన్ వెనక ఉంటుంది, బ్యాటరీ తరచుగా ముక్కులో ఉంటుంది. లావాటి పాజిటివ్, నెగటివ్ కేబుళ్లు రెండూ విమానం పొడవునా పక్కపక్కనే నడవాలి. విడివిడిగా చెరో పక్కన నడిపితే వాటి మధ్య అయస్కాంత క్షేత్రం పెరిగి దిక్సూచిని లాగుతుంది, ఆడియో తీగల్లోకీ దూరుతుంది.

యాంటెన్నాకి లోహపు చర్మం లేదు కాబట్టి రాగి టేపుతో డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) చేసి పొరల మధ్య దాస్తారు. విమాన రేడియో 118 నుంచి 136.975 మెగాహెర్ట్జ్ వరకు వాడుతుంది. మధ్యలో 127 దగ్గర పావు తరంగం సుమారు 59 సెంటీమీటర్లు, డైపోల్‌లో ఒక్కో చెయ్యి దానికన్నా కాస్త పొట్టిగా వస్తుంది. కార్బన్ ఫైబర్ పొర వెనక మాత్రం యాంటెన్నా దాచకండి, కార్బన్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది.

అన్నీ కలిపాక రొద వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

శబ్దం ఎలాంటిదో విని మొదలుపెట్టండి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల అయితే ఆల్టర్నేటర్ ఫీల్డ్ స్విచ్ ఒక్క క్షణం ఆపండి. ఈల ఆగితే కారణం ఆల్టర్నేటర్, దారి దాదాపు ఎప్పుడూ గ్రౌండు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా ఈల అలాగే ఉందంటే అది రేడియో లోపలి నుంచి కాదు, ఇంటర్‌కమ్, జాక్‌ల వైపు నుంచి వస్తోంది. టిక్‌టిక్ అయితే ఒక్కో మ్యాగ్నెటోకి మార్చి చూడండి, ఏ మ్యాగ్నెటో ఆపితే టిక్‌టిక్ ఆగుతుందో దాని పీ-లీడ్ షీల్డు చూడండి.

మాట్లాడేటప్పుడు మాత్రమే కీచుమంటూ, మాట ముద్దగా వినపడుతుంటే, లేదా పీటీటీ నొక్కగానే ఇంధనం ముల్లు ఊగుతుంటే, ప్రసార శక్తి కాక్‌పిట్‌లోకి తిరిగొస్తోందని అర్థం. యాంటెన్నా బదులు 50 ఓముల డమ్మీ లోడ్ (ప్రసార శక్తిని బయటికి పంపకుండా మింగేసే రెసిస్టరు) పెట్టి మాట్లాడండి. గొడవ ఆగితే తప్పు కోయాక్స్ కనెక్టర్‌లోనో, యాంటెన్నా అడుగునో ఉంది. బీఎన్‌సీ కనెక్టర్లను మళ్లీ క్రింప్ చేసి, యాంటెన్నా కింద రంగు గీకి చూడండి.

ఎవరూ మాట్లాడకుండానే స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు రొదని మూసేసే సర్క్యూట్) తెరుచుకుని బుస్‌మంటుంటే ఎల్ఈడీ లైట్ల సర్క్యూట్లనీ, చవక యూఎస్‌బీ చార్జర్లనీ అనుమానించండి. ఒక్కోటీ ఆపుతూ వెళ్తే దొరుకుతుంది. చార్జరే అయితే తీసి పారెయ్యండి, దాన్ని బాగుచెయ్యడానికి సమయం పెట్టకండి.

గ్రౌండు నాణ్యత కొలవడానికి చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తూ, దీపాలు, పీటో హీటర్ అన్నీ వేసి, రేడియో గ్రౌండు పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మిల్లీవోల్టులు చూడండి. ఒక్కో స్విచ్ వేస్తూ పోతే ఏ లోడు వేసినప్పుడు అంకె ఎగిరితే ఆ లోడు కరెంటు మీ రేడియో గ్రౌండు దారిలో నడుస్తోంది. కాక్‌పిట్‌లో మీరు కూర్చోండి, మీటరు ఇంకొకరికి ఇవ్వండి. ప్రొపెల్లర్ తిరుగుతున్న విమానం చుట్టూ ఒంటరిగా తిరగకండి.

ఇదంతా ఎందుకు, ఒక ఫిల్టర్ కొని పెట్టేస్తే పోదా?

రొద పవర్ తీగ వెంట వస్తుంటే ఫిల్టర్ పనిచేస్తుంది. గ్రౌండు వెంటో, గాలిలోనో వస్తుంటే పనిచెయ్యదు. ఏది అన్నది తెలుసుకోవడం తేలికే. రేడియో, ఇంటర్‌కమ్‌ల పాజిటివ్ తీగలను బస్ నుంచి తీసి, వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజుతో కలిపి, దాని నెగటివ్‌ని ఆడియో గ్రౌండు పలకకి కలిపి ఇంజిన్ నడపండి. రొద పోతే ఫిల్టర్ కొనండి. పోకపోతే ఆ డబ్బు దాచుకుని గ్రౌండ్ తీగలు వెతకండి.

ఇవన్నీ ప్యానెల్ మూయక ముందు చేస్తే పని గంటల్లో అయిపోతుంది. అమెరికాలో ఉంటే, 1953లో మొదలైన, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఈఏఏకి చెందిన టెక్నికల్ కౌన్సిలర్లు ఉచితంగా మీ గరాజ్‌కి వచ్చి పని చూస్తారు. ప్యానెల్ తెరిచి ఉన్నప్పుడే పిలవండి. గ్రౌండ్ తీగ ప్రతిదానికీ చివర చీటీ అంటించి, ఏ ట్యాబు మీద ఏది ఉందో ఒక కాగితం మీద గీసి విమానం పుస్తకాలతో ఉంచండి. ఇంకో పదేళ్ల తర్వాత ఆ ప్యానెల్ కింద వెల్లకిలా పడుకుని చూసేది మీరే కావచ్చు, మీ దగ్గర విమానం కొన్నవాళ్లు కావచ్చు.